ఇష్టమైన ఆల్బమ్ పోతే మళ్లీ సంపాదించుకోవడం ఎలా?

ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న పాటల సేకరణలో ఒక ఆల్బమ్ పోతే, అదే పేరున్న మరొకటి తెచ్చి ఆ ఖాళీని పూరించవచ్చని మొదట అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. నాకు ప్రాణప్రదమైన ఒక కచేరీ సీడీ ఇల్లు మారేటప్పుడు పోయింది, దాని ఖాళీ పెట్టె మాత్రం మిగిలింది. కొంతకాలం వెతికి, ఆశ వదులుకుని, అదే పేరుతో, అదే అట్టబొమ్మతో దొరికిన సీడీని కొన్నాను. పాత సీడీలో రెండో పాట ముగిశాక చప్పట్లు మోగుతుండగా గాయని గొంతు సవరించుకునేది. ఆ చప్పట్లు పూర్తిగా అణగకముందే మూడో పాట ఎత్తుకునేది. కొత్త సీడీలో చప్పట్లు సన్నగిల్లి ఆగిపోయాయి, రెండు సెకన్ల నిశ్శబ్దం వచ్చింది, ఆ తరువాత మూడో పాట వేరే గదిలో పాడినట్టుగా మొదలైంది. పాటలు అవే, గొంతూ అదే, అయినా నేను అన్నేళ్లు విన్నది మాత్రం అది కాదు.

ఒకే పేరున్న ఆల్బమ్‌కు అనేక ముద్రణలు ఉంటాయనీ, మన చెవికి అలవాటైనది వాటిలో ఒక్కటేననీ ఆ రోజు నాకు తెలిసివచ్చింది. అందువల్ల పోయిన ఆల్బమ్ కోసం డబ్బు ఖర్చు పెట్టే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని వరుసగా వివరిస్తాను.

1. నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పోయిందనుకున్న డిస్కు చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. మొదట సీడీ ప్లేయర్ ట్రే, పాత కంప్యూటర్ డ్రైవ్, కారులోని ప్లేయర్ తెరిచి చూడండి. ఆ తరువాత, కనబడకుండా పోవడానికి ముందు మీరు ఎక్కువగా విన్న ఇతర ఆల్బమ్‌ల పెట్టెలు తెరవండి. ఒక డిస్కు తీసి మరొకటి పెట్టే తొందరలో, తీసినదాన్ని చేతికి అందిన ఖాళీ పెట్టెలో పెట్టేస్తాం. ఎల్పీ రికార్డులైతే (సూదితో పాడించే పెద్ద రికార్డులు) రెండు డిస్కుల ఆల్బమ్‌ల అట్టల్లో ఒక్కో అరలో చేయి పెట్టి చూడాలి, ఎందుకంటే పలుచని రికార్డు పక్కదాని వెనుక ఇమిడిపోయి బయటికి కనిపించదు.

ఇంట్లో లేదని రూఢి అయ్యాక, ఎవరికైనా ఇచ్చామేమోనని గుర్తు చేసుకోవాలి. ఇలాంటప్పుడు అడగడానికి మొహమాటపడనక్కరలేదు. "నా ఆల్బమ్ నీ దగ్గర ఉందా" అని అడిగితే ఎదుటివారు నొచ్చుకోవచ్చు గానీ, "ఆ ఆల్బమ్ ఎవరికిచ్చానో గుర్తు రావడం లేదు, ఒకసారి మీ ఇంట్లో చూస్తారా" అని అడిగితే ఎవరూ కాదనరు.

2. పోయినవి ఫైళ్లయితే ఆ డిస్కును వెంటనే వాడడం ఆపండి

ఈ దశలో ఆలస్యం పనికిరాదు. సాధారణ హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్‌ను తొలగించినప్పుడు పాటలు ఆ క్షణమే చెరిగిపోవు. అవి ఉన్న చోటు ఖాళీగా ఉందని మాత్రమే కంప్యూటర్ రాసుకుంటుంది, కొత్త ఫైళ్లు వచ్చి ఆ చోటును ఆక్రమించేదాకా పాత పాటలు అక్కడే ఉంటాయి. కాబట్టి ఆ డిస్కులో ఏమీ దాచకూడదు, ఫైళ్లను వెలికితీసే ప్రోగ్రామ్‌ను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకూడదు, దొరికిన పాటలను అందులోకే రాయకూడదు. మరో డిస్కు తగిలించి, ఫొటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో వెలికితీసినవన్నీ ఆ రెండో డిస్కులోకి పంపాలి.

ఎస్ఎస్‌డీల (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డ్రైవ్‌ల) విషయం వేరు. తొలగించిన చోటును ముందుగానే శుభ్రం చేసుకునే ట్రిమ్ అనే ఏర్పాటు వాటిలో ఉంటుంది గనుక, కొద్దిసేపట్లోనే ఫైళ్లు తిరిగిరాని స్థితికి చేరుతాయి. ఇక హార్డ్ డిస్క్ టక్కుటక్కుమని శబ్దం చేస్తున్నట్లయితే ఏ ప్రోగ్రామూ నడపవద్దు. లోపలి భాగాలు దెబ్బతిన్నాయనడానికి అది గుర్తు. విద్యుత్తు అందుతున్న కొద్దీ నష్టం పెరుగుతుంది కాబట్టి దాన్ని ఆపేసి, డేటా రికవరీ తెలిసిన నిపుణుల చేతికి ఇవ్వాలి.

ఫొటోరెక్ తెచ్చి ఇచ్చే పాటలకు సాధారణంగా అసలు పేర్లు ఉండవు. అర్థం లేని అక్షరాలు, అంకెలతో వందలాది ఫైళ్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. వాటిని చూసి బెంబేలెత్తవద్దు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ప్రోగ్రామ్ ప్రతి ఫైలు ధ్వనినీ వేలిముద్రలా నమోదు చేసుకుని, అది ఏ పాటో, ఏ ఆల్బమ్‌లోదో పోల్చి పేరు పెడుతుంది. ప్రచారంలో ఉన్న పాటలను ఇది చక్కగా గుర్తిస్తుంది. అరుదైనవి మాత్రం మనమే విని సర్దుకోవాలి.

ఫైళ్లు తిరిగిరాకపోయినా దారులు మూసుకుపోలేదు. పాత ఫోన్, పాత ఎంపీ3 ప్లేయర్, ఎప్పుడో రాసుకున్న సీడీలు, మీరు కాపీ చేసి ఇచ్చిన మిత్రుల కంప్యూటర్లు వెతకండి. మీరు పంచిన పాటలు మీ దగ్గర లేకపోయినా, పంచుకున్నవారి దగ్గర ఉండవచ్చు.

3. ఆల్బమ్ ఉండి, పాడుతూ ఆగిపోతుంటే దాన్ని బాగుచేసే ప్రయత్నం చేయండి

గీతలు పడిన డిస్కును చెత్తబుట్టలో వేయడమంటే బతికున్నదాన్ని పాతిపెట్టడమే. ముందు దాన్ని పరీక్షించాలి.

సీడీ 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ బిళ్ల. మెరిసే అడుగు భాగమే సున్నితమైనదనీ, బొమ్మ ఉన్న పైభాగం గట్టిదనీ చాలామంది నమ్ముతారు, కానీ వాస్తవం అందుకు విరుద్ధం. పాటలను మోసే అల్యూమినియం పొర పైభాగంలో, లేబుల్‌కు కాస్త కింద, పలుచని రక్షణ పూత చాటున ఉంటుంది. అడుగు వైపు దానికి ప్లాస్టిక్ మందమంతా రక్షణగా ఉంటుంది. అడుగున పడిన గీతను మెరుగుపెట్టి సరిచేయవచ్చు, లేబుల్ వైపు పడిన లోతైన గీత ఆ పొరనే చీల్చేస్తుంది. డిస్కును బల్బుకు అడ్డంగా పట్టుకుని చూడండి. నల్లటి ఆకాశంలో చుక్కల్లా సన్నని వెలుగు రంధ్రాలు కనబడితే, అక్కడ ఆ పొర పోయిందని అర్థం; ఎంత తుడిచినా అది తిరిగి రాదు.

రంధ్రాలు లేకపోతే, మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా ఎన్నడూ తుడవకూడదు. సీడీలోని చిన్న లోపాలను ప్లేయర్ లెక్కగట్టి సరిచేయగలదు. పాటల దారి పొడవునా సుమారు 2.5 మిల్లీమీటర్ల వరకు సమాచారం పోయినా వినేవారికి తెలియనివ్వదు. అడ్డంగా పడిన గీత ఆ దారిని ఒక్కచోట తాకి వదిలేస్తుంది గానీ, గుండ్రంగా పడిన గీత దారి వెంటే సాగి ఆ హద్దును దాటిపోతుంది. సీడీని లేజర్ మధ్య నుంచి బయటికి చదువుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. చివరి పాటలు తడబడుతుంటే అంచు దగ్గర, మొదటి పాట తడబడుతుంటే మధ్య రంధ్రం దగ్గర చూడండి. ఎల్పీ రికార్డుకు ఈ లెక్క తలకిందులవుతుంది.

ఎల్పీలో టపటపమనే శబ్దాలన్నీ గీతలవల్ల వచ్చేవి కావు. గాడుల్లో పేరుకున్న ధూళి, బూజు కూడా అలాగే వినిపిస్తాయి. డిస్టిల్డ్ నీటితో, మెత్తని బ్రష్షుతో, గాడుల దిశలో కడిగి, లేబుల్ తడవకుండా జాగ్రత్తపడి, నిలువుగా ఆరబెట్టాక మరోసారి వినండి. నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు మీ దగ్గర ఉంటే వాటికి ఆల్కహాల్ కలిసిన ద్రవం దేన్నీ తాకించవద్దు. వాటిలో ఉండే లక్కను ఆల్కహాల్ కరిగించేస్తుంది.

క్యాసెట్ ధ్వని ఒక్కసారిగా మందగించి, దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు ఉంటే, టేపును ప్లేయర్‌లోని హెడ్‌కు (టేపును చదివే భాగానికి) ఒత్తిపెట్టే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయిందేమో చూడండి. టేపు తెగినట్లయితే మామూలు అంటుకునే టేపు వాడవద్దు, దాని జిగురు కొన్నాళ్లకు పాకి పక్క చుట్లను కూడా పట్టేస్తుంది. టేపులు అతికించడానికే తయారయ్యే స్ప్లైసింగ్ టేపును, హెడ్‌కు తగలని వైపున వేయాలి. పెట్టె పగిలిపోతే టేపు చుట్టలను స్క్రూలున్న మరో క్యాసెట్ పెట్టెలోకి మార్చవచ్చు. ఇలా బాగుచేసిన క్యాసెట్ నుంచి మొదటిసారి వినేటప్పుడే కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి, ఎందుకంటే అది రెండోసారి పాడుతుందన్న హామీ లేదు.

4. మీ దగ్గర ఉండేది ఏ ముద్రణో నిర్ధారించుకోండి

ఇంతవరకు చెప్పినవేవీ ఫలించకపోతే, కొత్తది వెతకవలసిందే. అయితే దేనికోసం వెతుకుతున్నారో ముందుగా కాగితం మీద రాయండి.

డిస్కు పోయి అట్ట మిగిలితే మీ అదృష్టం. అట్ట పక్క అంచు మీద క్యాటలాగ్ నంబరు (కంపెనీ ఆ ఆల్బమ్‌కు ఇచ్చిన గుర్తు సంఖ్య), వెనుక బార్‌కోడ్, అడుగున సంవత్సరం ఉంటాయి. అక్కడ ఉన్న సంవత్సరాన్ని మాత్రమే నమ్ముకోవద్దు. 1970లలో వెలువడిన ఆల్బమ్‌ను ఆ తరువాత పదిసార్లు మళ్లీ ముద్రించినా పాత సంవత్సరమే అచ్చువేస్తుంటారు. డిస్కు ఉండి అట్ట పోతే, సీడీ అడుగున మధ్య రంధ్రం చుట్టూ, ఎల్పీలో చివరి పాటకూ లేబుల్‌కూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు చూడండి. దీపాన్ని పక్కనుంచి వాలుగా పడేలా పట్టుకుంటే ఆ అక్షరాలు తేటగా కనబడతాయి. ఒకే క్యాటలాగ్ నంబరున్న రెండు రికార్డులు వేర్వేరు మాస్టర్ల (ముద్రణకు మూలమైన తుది ధ్వని ప్రతుల) నుంచి వచ్చినవైతే, ఆ తేడాను పట్టించేది తరచుగా ఈ నంబరే.

ఏదీ మిగలకపోతే జ్ఞాపకమే ఆధారం. పాటల వరుస ఏది, ఏ పాట దగ్గర వైపు మార్చేవారు, అట్ట మీద రంగు ఏమిటి, చివర అదనపు పాట ఏదైనా ఉందా అన్నవి రాసుకోండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్యాసెట్‌లో రెండు వైపుల నిడివి దాదాపు సమంగా రావాలని కొన్ని ఆల్బమ్‌ల పాటల వరుసను మార్చేవారు. చిన్నప్పుడు క్యాసెట్‌లో విన్నవారికి సీడీలోని వరుస తప్పుగా తోస్తుంది. అది తప్పు కాదు, వారు విన్నది వేరే ముద్రణ. అలాగే తొలినాళ్ల సీడీలో 74 నిమిషాలకు మించి పట్టదు గనుక, రెండు ఎల్పీల ఆల్బమ్‌ను ఒక్క సీడీలో ఇరికించేటప్పుడు ఒక పాటను వదిలేసిన సందర్భాలు ఉన్నాయి. మీకు గుర్తున్న పాట జాబితాలో కనబడకపోతే మీ జ్ఞాపకాన్ని అనుమానించే ముందు ఈ సంగతి పరిశీలించండి.

ఈ వివరాలతో డిస్కాగ్స్ వెబ్‌సైటులో వెతకండి. 2000లో మొదలైన ఈ జాబితాను సేకర్తలే నింపుతూ వస్తున్నారు. ఒక ఆల్బమ్ పేరు కింద దాని ప్రతి ముద్రణకూ విడి పేజీ, ఫొటోలు, బార్‌కోడ్, మ్యాట్రిక్స్ నంబరు ఉంటాయి. మీది దొరికితే కావలసినవాటి జాబితాలో చేర్చుకోండి, ఎవరైనా అమ్మకానికి పెట్టినప్పుడు మీకు కబురు అందుతుంది.

5. పాతదే కావాలా, కొత్త రీమాస్టర్ చాలా అన్నది ఆలోచించుకోండి

రీమాస్టర్ చేసిన, అంటే పాత రికార్డింగు ధ్వనిని కొత్తగా సర్ది వెలువరించిన ముద్రణలన్నీ చెడ్డవని నేను అనను. అసలు టేపుల నుంచి శ్రద్ధగా చేసినవాటిలో ఇంతకుముందు వినబడని వాయిద్యాలు వినిపిస్తాయి. అయితే 1990ల నుంచి ధ్వనిని వీలైనంత బిగ్గరగా చేసే పోటీ సాగింది. మెల్లని చోటును పైకెత్తి, ఉధృతమైన చోటును తుంచి, అన్నింటినీ ఒకే ఎత్తుకు తెచ్చిన డిస్కును మొదటి నిమిషం విన్నప్పుడు బాగుందనిపిస్తుంది, ఆల్బమ్ సగమయ్యేసరికి చెవి అలసిపోతుంది. పోల్చి చూడదలిస్తే రెండింటినీ ఒకే స్థాయిలో వినిపించేలా వాల్యూమ్ సర్దుకోండి. బిగ్గరగా ఉన్నదే మెరుగని చెవి పొరబడడం సహజం.

పాటలు కావాలంతే, ముద్రణతో పట్టింపు లేదనుకునేవారు సులువుగా దొరికేదాన్ని తీసుకోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. ప్రతి చప్పట్ల ధ్వనీ మనసులో ముద్రపడిన ఆల్బమ్ విషయంలో మాత్రం ఆగమనే చెబుతాను.

6. కొనేటప్పుడు అడగవలసినవి అడగండి

పాత రికార్డులు అమ్మేవారు వాటి స్థితిని మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, పూర్ అని వర్గీకరిస్తారు. ఈ మాటలను వాటి నిఘంటువు అర్థంలో తీసుకుంటే మోసపోతాం. గుడ్ అన్నది మంచి స్థితి కానే కాదు. గీతలు, శబ్దాలతో బాగా అరిగిపోయి ఎలాగో పాడే రికార్డు అని దానర్థం. వినడానికి కొనేవారు వెరీ గుడ్ ప్లస్ కంటే కిందికి దిగకపోవడం మంచిది.

అమ్మేవారిని మ్యాట్రిక్స్ నంబరు ఫొటో అడగండి. రికార్డును పాడించి చూశారా, కంటితో మాత్రమే చూసి చెప్పారా అని అడగండి. సీడీ అయితే అడుగు భాగం ఫొటో తప్పనిసరి. కర్మాగారంలో అచ్చువేసిన డిస్కు వెండిలా మెరుస్తుంది. ఆకుపచ్చ లేదా నీలం ఛాయ కనబడితే అది ఇంట్లో రాసుకునే రకం డిస్కు కావచ్చు, అంటే నకలు. ఫొటో పంపడానికి వెనకాడేవారి దగ్గర కొనకపోతే నష్టం లేదు.

మీ దగ్గర అట్ట భద్రంగా ఉండి డిస్కు ఒక్కటే పోతే, అట్ట చిరిగిన ప్రతిని వెతకండి. సేకర్తలు వాటిని పక్కన పెట్టేస్తారు గనుక తక్కువలో దొరుకుతాయి.

డిజిటల్ ఫైళ్లుగా కొంటున్నట్లయితే, ఏ నష్టమూ లేని నాణ్యత అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రామ్‌లో పాటను స్పెక్ట్రోగ్రామ్‌గా (ఏ పౌనఃపున్యంలో ఎంత ధ్వని ఉందో చూపే బొమ్మగా) చూస్తే, 16 కిలోహెర్ట్జ్ పైన గొడ్డలితో నరికినట్టు అంతా ఖాళీగా ఉన్నప్పుడు, అది పాత ఎంపీ3ని పెద్ద ఫైలుగా మార్చినదేమోనని అనుమానించాలి. ఎంపీ3 తయారీలో ఒకసారి వదిలేసిన ధ్వనిని ఏ మార్పిడీ తిరిగి తేలేదు.

ఎక్కడా అమ్మకానికి లేనివాటి కోసం సంగీత సేకరణలున్న గ్రంథాలయాలను, అదే గాయకులను ఇష్టపడే ఇతర సేకర్తలను సంప్రదించండి. స్ట్రీమింగ్‌లో ఉంటే అంతదాకా అక్కడ వినవచ్చు, కానీ దాన్ని సొంతమనుకోకండి. హక్కుల ఒప్పందం ముగిసిన రోజున ఆ పాట పేరు జాబితాలో బూడిదరంగులోకి మారి మూగబోతుంది. మీ ప్లేలిస్టులోని పేర్లను విడిగా రాసి ఉంచుకుంటే కనీసం ఏది పోయిందో తెలుస్తుంది.

7. చేతికి రాగానే కాపీ తీసుకోండి

కొత్త డిస్కును అరలో పెట్టే ముందు మొదటి నుంచి చివరి దాకా వినండి. తిరిగి ఇచ్చే గడువు ఉండగానే లోపం బయటపడాలి. ఆ తరువాత ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రామ్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. అనుమానం వచ్చిన చోటును అది మళ్లీ మళ్లీ చదువుతుంది, వచ్చిన ఫలితాన్ని అదే డిస్కును కాపీ చేసిన ఇతరుల ఫలితాలతో పోల్చి సరిపోయిందో లేదో చెబుతుంది. ఫైళ్లను ఫ్లాక్ రూపంలో దాచండి. 2001లో వచ్చిన ఈ పద్ధతిలో ఒక్క బిట్టు కూడా పోకుండా పరిమాణం సాధారణంగా సగానికి కాస్త అటూ ఇటూ తగ్గుతుంది, పైగా ఫైలు చెడిందో లేదో ఎప్పుడైనా తనిఖీ చేసుకునే గుర్తు ఫైలులోనే ఉంటుంది.

కాపీలు మూడు ఉండాలి, రెండు వేర్వేరు పరికరాల్లో ఉండాలి, వాటిలో ఒకటి మరో ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో ఉండాలి. ఆన్‌లైన్ ఒక్కటే చాలదు. పాటలు పంచుకునే సామాజిక వెబ్‌సైటు మైస్పేస్‌లో 2016కు ముందు ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది. వేరే కాపీ దాచుకోని సంగీతకారులు తమ సొంత పాటలనే పోగొట్టుకున్నారు. ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య దానంతట అదే జరిగే సింక్‌ను బ్యాకప్‌గా లెక్కించకండి, ఒక చోట పొరపాటున తొలగించినది రెండో చోట కూడా తొలగిపోతుంది.

8. ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక పుస్తకం పెట్టండి

ఆల్బమ్‌లను ఎవరికీ ఇవ్వకుండా దాచుకోమని నేను చెప్పను, పాట పదిమంది వినడానికే ఉంది. ఇచ్చే ముందు ఆల్బమ్‌తో సహా వారి ఫొటో ఒకటి ఫోన్‌లో తీసుకోండి. తేదీ దానంతట అదే నమోదవుతుంది. అరలో ఆ ఆల్బమ్ ఉండవలసిన చోట అట్టముక్క నిలబెట్టి, తీసుకున్నవారి పేరు రాయండి. అరుదైన ముద్రణ అయితే అసలు డిస్కు ఇవ్వకుండా, మీ ఇంటికే పిలిచి వినిపించండి.

నా కచేరీ సీడీ కథ మిగిలింది. పాత పెట్టెలోని పుస్తకం మీద ఉన్న క్యాటలాగ్ నంబరుతో వెతకగా, ఆరేళ్లకు అట్ట సగం చిరిగిన ప్రతి ఒకటి దొరికింది. మొదట రెండో పాట చివరికి వెళ్లాను. చప్పట్ల మధ్య ఆమె గొంతు సవరించుకుంది. డిస్కును నా పాత పెట్టెలో పెట్టి, క్యాటలాగ్ నంబరు, మ్యాట్రిక్స్ నంబరు, కొన్న తేదీ రాసిన చీటీని లోపల ఉంచాను.